పడమటి ఊర్లకు వచ్చిన కొత్త టీచర్లను నిలబెట్టుకోవడానికి మీ బడుల్లో ఏం చేసినారు?

ప్రశ్న: పడమటి పల్లె టీచరమ్మ, కర్నూలు జిల్లా

అందరికీ నమస్కారం. ఆదోనికి పడమర, కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఒక ఊర్లో ప్రాథమికోన్నత బడి మాది. నేను స్కూల్ అసిస్టెంట్‌ని, హెచ్ఎం బాధ్యత కూడా నాదే. డీఎస్సీ 2025లో రాష్ట్రమంతటికీ 16,347 పోస్టులు వేసినారు కదా, అందులో ఇద్దరు ఎస్జీటీలు (చిన్న తరగతుల టీచర్లు) మా బడికి వచ్చినారు. ఎన్నేళ్లుగానో ఖాళీగా ఉన్న కుర్చీలు అవి. 2011 లెక్కల్లో మన ఉమ్మడి జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఆగింది, ఈ పడమటి మండలాలు దాన్ని ఇంకా కిందికి లాగేవి. అట్లాంటి చోటికి ఇద్దరు టీచర్లు ఒకేసారి వచ్చినారంటే మాకు పండగే.

ఒకరు కోవెలకుంట్ల వైపు నుంచి వచ్చిన అమ్మాయి, మాదిగల ఇంటి బిడ్డ. అమ్మానాన్న కూలికి పోతారు. ఆ ఇంట్లో ప్రభుత్వ జీతం తీసుకున్న మొదటి మనిషి ఆమే. ఇంకొకరు తుగ్గలి దగ్గర తాండా నుంచి వచ్చిన సుగాలీ అబ్బాయి. ఇద్దరూ పాఠం బాగా చెప్తారు. నాలుగో తరగతికి ఆ అమ్మాయి జొన్నరొట్టె తుంచి భిన్నాలు చెప్తుంటే నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను. మా పిల్లలు ఇళ్లలో కన్నడం మాట్లాడతారు, ఆమెకు రాదు. అయినా ఒకటో తరగతి పిల్లలను కూర్చోబెట్టుకొని రోజూ నాలుగు మాటలు వాళ్ల దగ్గరే నేర్చుకుంటోంది.

ఇప్పుడు కష్టం చెప్తాను. ఆమెకు ఊర్లో ఇల్లు దొరకలేదు. ఒకాయన గది చూపించినాడు, బాడుగ మాట్లాడుకున్నారు, అడ్వాన్సు కూడా ఇస్తానని చెప్పింది. ఆ తర్వాత "ఇంతకూ మీరేమిట్లోళ్లమ్మా?" అని అడిగినాడు. ఈమె దాచలేదు. మర్నాడు పొద్దున్నే "మా తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చేస్తాండాడు, గది కావల్ల" అని కబురు. ఇంకో రెండిళ్లలోనూ అంతే, కారణాలు మాత్రం వేరు వేరు. నేను బీసీల ఇంటిదాన్ని. ఇదే ఊర్లో నేను ఇల్లు అడిగినప్పుడు ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు, తాళం చేతికిచ్చినారు. ఆమె ఇప్పుడు ఆదోని నుంచి బస్సు, అక్కడినుంచి ఆటో పట్టుకొని వస్తోంది. సాయంత్రం వెనకబడిన పిల్లలతో ఒక గంట కూర్చుంటానని తనే అడిగింది, కానీ బస్సు పోతే ఇంకో దారి లేదు.

బడి లోపలి సంగతి ఇంకా బాధగా ఉంది. మాదిగ గేరిలో పిల్లలు రాకపోతే "టీచర్, మీరు పోయి చెప్తే వింటారు" అని ఆమెనే పంపుతారు. పెద్ద తరగతి మగపిల్లలు కొట్టుకుంటే ఆ సుగాలీ అబ్బాయిని పిలుస్తారు, బెదిరించే పని అతనిది అయిపోయింది. అతను నెమ్మదైన మనిషి. తెలుగు పద్యం రాగం తీసి చదువుతాడు. పిల్లలకు అతని గొంతు అట్లా తెలియాలి గానీ కేకలుగా కాదు. స్టాఫ్ రూములో "రోస్టర్ లో వచ్చినోళ్లు" అని, అంటే రిజర్వేషన్ వల్ల ఉద్యోగం వచ్చినోళ్లని, అనే మాట ఒకసారి నా చెవిన కూడా పడింది.

వీళ్లు ఉంటే ఏమవుతుందో మాకు అప్పుడే కనబడింది. సంక్రాంతి ముందునుంచే ఇక్కడ సుగ్గి వలసలు. మిరప కోతలకని గుంటూరు వైపు కుటుంబాలు కుటుంబాలే తాళం వేసి పోతాయి. ఈసారి గేరిలో కొందరు ఆడపిల్లలను అవ్వల దగ్గర, సీజనల్ హాస్టల్లో వదిలి పోయినారు. "ఆ టీచరమ్మ మాదిరి అయితే చాలు" అని ఒక తల్లి నాతో అన్నది. నేను ఇన్నేళ్లు చెప్పినా వినని మాట అది.

అర్హత రాగానే వీళ్లిద్దరూ బదిలీ పెట్టుకొని పోతే నేను తప్పు పట్టను. కానీ ఉండాలని వాళ్లకే అనిపించాలని నా కోరిక. శాలువాలు, సన్మానాలు వద్దు. మీ బడుల్లో నిజంగా ఏం చేసినారో చెప్పండి.

జవాబు: రిటైర్డ్ హెడ్మాస్టరు, పత్తికొండ

అమ్మా, మొదట ఇంటి సంగతి. ఆ పిల్లను ఒంటరిగా ఇల్లు వెతకనీయొద్దు. మీరు, ఎస్ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) చైర్మన్, ఊర్లో మాట చెల్లే ఇంకొక పెద్దమనిషి కలిసి పోండి. అడిగే మాట బడి తరఫున అడగండి: "మా టీచరుకు గది కావాల, బాడుగ నెల నెలా వస్తాది, పూచీ నాది." నలుగురి ముందర అడిగితే "మా తమ్ముడు వస్తాండాడు" అనే మాట అంత సులభంగా రాదు. నేను పని చేసిన ఒక ఊర్లో ఇట్లనే పోస్టాఫీసు పక్కన గది ఇప్పించినాము. అప్పటికీ ఒప్పుకోకపోతే ఎస్సీ కాలనీలో పక్కా ఇల్లు ఖాళీగా ఉంటుంది, అక్కడ పెడదామని కొందరు మీకు సలహా ఇస్తారు. ఆమె తనంతట తాను కోరుకుంటే సరే. మీరు మాత్రం ఆ మాట ముందు అనొద్దు.

నెలాఖరులో పల్లెల్లో పౌరహక్కుల దినం జరుపుతారు, తహసీల్దారు, ఎస్సై వస్తారు. చాలాచోట్ల ఫోటో తీసుకొని పోతారు. మీ ఊర్లో జరిగేటట్టు అడిగి పెట్టించండి, అక్కడ అద్దె ఇళ్ల మాట ఎత్తించండి. అంటరానితనం పేరుతో ఒక మనిషిని ఇంట్లో ఉండనీయకపోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరమని అధికారి నోటితో ఊరు వినాల. ఎవరి మీదా కేసు పెట్టకముందే ఆ మాట పని చేస్తుంది.

ఇంక పని పంపకం. నోటి మాటగా చెప్పే పని ఎప్పుడూ కొత్తవాళ్ల నెత్తినే పడుతుంది, అందులోనూ తల వంచుకొని చేసేవాళ్ల నెత్తిన. స్టాఫ్ మీటింగు పెట్టి మినిట్స్ పుస్తకంలో రాయండి. బడి బయట పిల్లల సర్వే ఏ వీధి ఎవరిది, భోజనం రుచి చూసేది ఏ రోజు ఎవరు, యాప్‌లో ఫోటోలు ఎక్కించేది ఎవరు, అన్నీ వంతులు. మాదిగ గేరి వంతు అందరికీ రావాల, మీక్కూడా. అందరి చేతా సంతకం పెట్టించండి.

జీతం మాట అడగలేదు గానీ చెప్తాను. ఎస్జీటీ మూలవేతనం 32,670. కానీ కొత్తవాళ్లకు ఐడీలు, ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబరు, ట్రెజరీ కాగితాలు పూర్తి కావాల, మొదటి జీతం చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఇంట్లో వెనక ఏమీ లేని పిల్లలకు ఆ నెలల్లోనే వడ్డీ అప్పు తగులుకుంటుంది. మీ కొత్త టీచర్లిద్దరికీ ఆ కాగితాలన్నీ అయినాయా, బకాయిలు వచ్చినాయా అడిగినారా? అడగకపోతే రేపు అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.

జవాబు: తెలుగు మాస్టరు, ప్రొద్దుటూరు

మేడమ్, మీ మనసు మంచిదని తెలుస్తోంది. అయినా నాకు ఒక సందేహం. టీచరంటే టీచరే కదా. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ కష్టాలే. నేను చేరినప్పుడు ఐదు తరగతులకు నేనొక్కడినే, పక్క ఊరి నుంచి సైకిల్ మీద పోయేవాణ్ని. ఇప్పుడు ఒక చేత్తో పాఠం, ఇంకో చేత్తో యాప్. ఏ కులంవాళ్లకైనా అదే. వీళ్లకు మాత్రం ప్రత్యేకంగా చేస్తే మిగతావాళ్లకు మనసు నొచ్చుకోదా? పిల్లలకు కూడా "ఈ టీచరు ఫలానా" అని మనమే నేర్పినట్టు కాదా? కోపగించుకోవద్దు, నిజంగానే అడుగుతున్నాను.

జవాబు: తాండా మాస్టరు, అనంతపురం జిల్లా

నేను సుగాలీ. డీఎస్సీ 2018 బ్యాచ్. ప్రొద్దుటూరు సార్‌కు ముందు చెప్తాను. సార్, సైకిల్ కష్టం మీదీ నాదీ ఒకటే. కానీ మీరు సైకిల్ దిగినాక ఊర్లో ఎవరింట్లో నీళ్లు తాగాలో ఆలోచించి ఉండరు. నేను ఆలోచించినాను. పిల్లలకు మన కులం మనం నేర్పనక్కర్లేదు, మేము చేరిన మొదటి వారంలోనే ఊరు వాళ్లకు నేర్పేసి ఉంటుంది.

మేడమ్, మీరు అడిగినదానికి నా అనుభవం రాస్తాను. నన్ను ఎక్కువ బాధపెట్టింది తిట్టు కాదు. "మీవాళ్లలో నువ్వు బాగా పైకొచ్చినావప్పా" అనే మెచ్చుకోలు. మంచిమనుషులు, ప్రేమతోనే అనేవాళ్లు. ప్రతిసారీ నేను గదిలో లేని ఒక గుంపు మధ్యన నిలబడినట్టుండేది.

నిలబెట్టినవి చెప్తాను. మా హెచ్ఎం సార్ మొదటి ఏడాదే నాకు ఐదో తరగతి ఇంగ్లీషు ఇచ్చినాడు. తాండా నుంచి వచ్చినవాడికి ఇంగ్లీషా అని పెద్దవాళ్లు మొహాలు చూసుకున్నారు. సార్ ఏమీ వివరించలేదు, టైమ్ టేబుల్ రాసి గోడకు అంటించినాడు. తర్వాత తల్లిదండ్రుల సమావేశం నడిపే పని నాకు ఇచ్చినాడు. మైకు నా చేతిలో, సర్పంచి కుర్చీలో. ఆరోజు తర్వాత ఊర్లో "ఆ సుగాలోడు" పోయి "ఇంగ్లీషు సారు" వచ్చింది.

ఇంకొక ఆమె, సీనియర్ టీచరమ్మ, వారానికొకసారి నా తరగతిలో వెనక బల్ల మీద కూర్చునేది. చూసి రిపోర్టు రాయడానికి కాదు. బయటికి వచ్చినాక "బోర్డు మీద రాస్తా ఉంటే నీ వీపు పిల్లలకు ఎక్కువసేపు కనబడుతుంది" అని చెప్పేది, "ఆ మూల ముగ్గురిని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు" అని చెప్పేది. కులం మాట ఎప్పుడూ రాలేదు. నన్ను టీచరుగా చూసింది కాబట్టే తప్పులు చెప్పింది. మిగతావాళ్లు నాకు తప్పులు చెప్పడానికి భయపడేవాళ్లు, చెప్తే ఏమనుకుంటాడో అని. తప్పు చెప్పేవాళ్లు లేకపోతే కొత్త టీచరు ఎదగడు మేడమ్. ఆ ఇద్దరికీ అట్లా కూర్చునే మనిషిని చూడండి.

మధ్యాహ్నం క్యారియర్లు విప్పేటప్పుడు వాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో కూడా చూడండి. మా టీచరమ్మ నా డబ్బాలో కూర అడిగి వేసుకునేది, ఆమె గోంగూర నాకు వేసేది. అంతే. దాని గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

జవాబు: అనంత లెక్కల టీచరు, నార్త్ కరోలినా

ఆలస్యంగా చూసినాను. నాది అనంతపురం. ఎక్స్‌చేంజ్ వీసా మీద వచ్చి ఇక్కడి ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్తున్నాను. నా తరగతిలో నల్లజాతి పిల్లలు, స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఎక్కువ. మీ ప్రశ్న చదువుతుంటే ఇక్కడి స్టాఫ్ రూములో వినే మాటలే వినిపించినాయి.

ఈ దేశంలో ప్రభుత్వ బడి పిల్లల్లో సగానికి పైగా తెల్లవాళ్లు కానివాళ్లు. టీచర్లలో మాత్రం సుమారు 80 శాతం తెల్లవాళ్లే. ఇది ఊరికే జరగలేదు. 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు నల్లపిల్లలకు, తెల్లపిల్లలకు వేరువేరు బడులు చెల్లవని తీర్పు ఇచ్చింది. మంచి తీర్పు. కానీ బడులు కలిపేటప్పుడు నల్లపిల్లలను తెల్లబడులకు పంపి, నల్ల బడులు మూసి, వాటిలో పని చేసిన టీచర్లను, ప్రిన్సిపాళ్లను ఇళ్లకు పంపినారు. 1965 లోపల 17 రాష్ట్రాల్లో సుమారు 38,000 మంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారని అంచనా. ఆ ఖాళీ ఇప్పటికీ పూడలేదు.

ప్రొద్దుటూరు సార్ అడిగినదానికి ఇక్కడ ఒక జవాబు ఉంది. టెనెసీలో 1980లలో పిల్లలను లాటరీ పద్ధతిలో తరగతులకు పంచినారు. ఆ పిల్లల వివరాలను ఆర్థికవేత్తలు తర్వాత వెతికి చూస్తే, కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి లోపల ఒక్క నల్ల టీచరు దగ్గరైనా చదివిన నల్లపిల్లలు కాలేజీలో చేరే అవకాశం, అట్లా చదవనివాళ్లకంటే 19 శాతం ఎక్కువగా తేలింది. లాటరీ కాబట్టి తెలివైన పిల్లలను ఏరి ఇచ్చినారనే మాటకు చోటు లేదు. మీ గేరిలో ఆ తల్లి అన్న మాట నాకు ఈ లెక్క కంటే ముందు గుర్తుంటుంది.

ఒబామా హయాంలో విద్యామంత్రిగా చేసిన జాన్ కింగ్ 2016లో ఒక వ్యాసం రాసినాడు. నల్ల టీచర్లు కనిపించని పన్ను కడుతున్నారన్నాడు. అల్లరి పిల్లలందరినీ వాళ్ల దగ్గరికే తోలడం, జాతి గురించి ఏ మాట వచ్చినా వాళ్లనే ముందుకు నెట్టడం. మీ సుగాలీ అబ్బాయిది అచ్చం అదే.

నచ్చినది ఒకటి చెప్తాను. ఈ రాష్ట్రంలో కొత్త టీచరుకు మొదటి మూడేళ్లు ఒక మెంటారు ఉంటారు. పాఠం కాని పనులు కొత్తవాళ్లకు తగ్గించాలని, కష్టమైన పిల్లలందరినీ ఒకే కొత్త టీచరు తరగతిలో వేయకూడదని రాష్ట్ర నియమాల్లోనే ఉంది. పాఠాలకు బయటి కార్యక్రమాలు అప్పగించాలంటే ఆ టీచరే కావాలని రాసి ఇవ్వాలి. అన్ని బడుల్లో పాటిస్తారని కాదు. కానీ కాగితం మీద ఉంటే అడగడానికి నోరు లేస్తుంది. పత్తికొండ సార్ చెప్పిన మినిట్స్ పుస్తకం కూడా అందుకే నాకు నచ్చింది.

జవాబు: పడమటి పల్లె టీచరమ్మ

అందరికీ ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ప్రొద్దుటూరు మాస్టరు గారూ, కోపం ఏమీ లేదండీ. మీరన్నట్టు పని భారం అందరిదీ. పని పంచి రాస్తే మిగతావాళ్లకూ మేలే, ఎవరికీ నొచ్చుకునే పని లేదు. కానీ ఇల్లు దొరకనిది ఆమెకే. ఆ ఒక్క విషయంలో అందరితో సమానంగా చూస్తానంటే నేను ఏమీ చేయనట్టే.

పత్తికొండ సార్, మీరు చెప్పినట్టు అడిగినాను. అబ్బాయికి జీతం, బకాయి అన్నీ వచ్చినాయి. అమ్మాయిది ఒక నెల బకాయి ఇంకా బిల్లులోనే ఉంది, ఆమె నోరు విప్పలేదు. నేనే ట్రెజరీకి పోయి వస్తాను. చైర్మన్‌తో మాట్లాడినాను, ఆయన బోయ కులస్థుడు, "మన బడి టీచరుకు ఇల్లు లేకపోతే నాకు సిగ్గు" అని చెప్పులేసుకొని లేచినాడు. ఆదివారం ఇద్దరం కలిసి బయలుదేరుతున్నాం.

పని పంపకం ఈ శనివారం మీటింగులో రాస్తున్నాను. మాదిగ గేరి మొదటి వంతు నాది. అబ్బాయికి ఆరు, ఏడు తరగతుల పద్యభాగం ఇద్దామని ఉంది. వెనక బల్ల మీద కూర్చునే పని కూడా నాకే ఇష్టం, కానీ హెచ్ఎం కూర్చుంటే తనిఖీ అనిపిస్తుందేమో. మా బడిలో ఇంకో సీనియర్ టీచరు ఉన్నారు, ఆమెను అడుగుతాను.

ఒకటి మాత్రం తేలడం లేదు. ఆ రోస్టర్ మాట అన్న టీచరు సంగతి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఎత్తాలా, పైకి రాయాలా? అమ్మాయితో మాట్లాడితే "వద్దు మేడమ్, ప్రొబేషన్‌లో ఉన్నాను, పేరు పడిపోతుంది" అంటోంది.

జవాబు: తాండా మాస్టరు, అనంతపురం జిల్లా

మేడమ్, ఆమె వద్దంటే ఆమె పేరు మీద ఏదీ రాయొద్దు. అది ఆమె నిర్ణయం, ఆమెకే వదిలేయండి. నలుగురిలో కులం పేరు పెట్టి తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది, దాని దర్యాప్తు డీఎస్పీ హోదా అధికారి చేయాలి, 14566 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఈ మూడూ ఆమెకు తెలిసి ఉండాలి. వాడుకోవాలా వద్దా ఆమె చూసుకుంటుంది.

కానీ ఆ మాట మీ చెవిన కూడా పడింది అన్నారు. అది చాలు. ఆమెను మధ్యలోకి తేకుండా మీ పేరు మీద మీరే చెప్పొచ్చు. స్టాఫ్ మీటింగులో వంతులు రాయించే ముందే చెప్పండి. "మన బడిలో అందరూ ఒకే పరీక్ష రాసి, ఒకే ఆర్డరు తీసుకొని వచ్చినారు. ఇంకో రకం మాట నా ముందర వినబడకూడదు." పేరు ఎత్తొద్దు, అన్నవాళ్లకు తెలుస్తుంది. అది కూడా మినిట్స్‌లో రాయించండి.

ఆమె మాట్లాడాలనుకుంటే నా నంబరు మీకు విడిగా మెసేజ్ పెడుతున్నాను. మా డీఎస్సీ బ్యాచ్‌లో కోవెలకుంట్ల వైపు మాదిగ టీచరమ్మ ఒకామె ఉంది, ఇప్పుడు ఆలూరు వైపు పని చేస్తోంది. నాకంటే ఆమెతో మాట్లాడితేనే మేలు, అడిగి పెడతాను.